చిలకలకు సీడీలు

"అన్నా, సీడీలు కిలో ఎట్లిస్తావు?"

తిప్పేష్ తలెత్తి చూసినాడు. కౌంటరుకు అవతల ఒక అమ్మాయి నిలబడింది. చున్నీ తలకు చుట్టుకోనుంది, చంకలో మడిచిన యూరియా సంచి, మొగమంతా చెమట. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది.

ఆ సంచి చూడంగానే తిప్పేష్‌కు కడుపు మండింది.

"ఏమంటివి? ఇంగొకసారి చెప్పు."

"సీడీలన్నా. కిలో లెక్కన ఇస్తావా, పీసు లెక్కనా?"

"ఇది ఉల్లిగడ్డల అంగడి కాదు."

"తెలుసు. ఆడ సీడీలడిగితే తిడతారని ఈడికొచ్చినా."

బెళుగుప్ప బస్టాండు పక్కన 'కుళ్లాయప్ప ఆడియోస్' అంటే ఒకప్పుడు చుట్టుపక్కల ఊర్లన్నిటికీ తెలుసు. కొత్త సినిమా పాటలొస్తే జనం తోసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పేరు మీద దుమ్ము పేరుకోనుంది, అంతే. నాయన పోయినా, కొనేవాళ్లు పోయినా, బీరువాలనిండా సీడీలు, డీవీడీలు అట్లనే ఉన్నాయి. తిప్పేష్ రోజూ గుడ్డతో తుడుస్తాడు. ఎవరొస్తారని తుడుస్తాడో ఆ దేవునికే తెలియాల.

"సరే, ఏం సినిమా కావాల? పాటలా? పేరు చెప్పు, తీసిస్తా," అన్నాడు కోపం మింగుకోని.

"ఏ సినిమా అయితే నాకేంది? మెరిస్తే సాలు. దానిమ్మ తోటకు చిలకలు పడతాండాయి. తాడుకు కట్టి యాలాడదీస్తే ఆ మెరుపుకు బెదురుతాయంట."

"చిలకలకా!"

"చిలకలకే."

"మా నాయన మద్రాసు నుంచి, బెంగళూరు నుంచి ఏరి ఏరి తెచ్చిన సీడీలు, చిలకలకు యాలాడదీస్తావా? నీకు మనసెట్లొస్తాది?"

"చిలకలకు మా కాయలు కొరికే మనసెట్లొస్తాదో అట్లే నాకూ వస్తాది. ఈ కాలంలో ఇంగెవరు కొంటారన్నా? పాటలన్నీ ఫోన్లోనే ఉండాయి గదా."

"ఫోన్లో యాడుండాయి?"

"ఫోన్లో అంటే... ఫోన్లో గూడా కాదు. క్లౌడులో."

"క్లౌడంటే?"

"మోడం. వాన మబ్బు."

తిప్పేష్ అంత కోపంలోనూ నవ్వేసినాడు. "మోడంలోనా! ఈ అనంతపురం జిల్లాలో మోడాన్ని నమ్ముకోని బాగుపడినోన్ని ఒకన్ని చూపియ్యి. ఈ అంగడంతా నీకే రాసిస్తా."

ఆ అమ్మాయి పెదాలు బిగబట్టింది. ఆగలేదు. ఫక్కున నవ్వింది. "అదీ నిజమేలే అన్నా. మా తోట కాడ సిగ్నలు గూడా వాన మాదిరే. మొగం చూపిచ్చి పోతాది."

ఆ అంగట్లో ఒక ఆడమనిషి నవ్వి ఎన్నేండ్లయిందో! తిప్పేష్ మెత్తబడిపోయినాడు. మెత్తబడినట్టు కనపడకూడదని గొంతు గట్టి చేసుకున్నాడు.

"మంచివి ఇయ్యను. గీతలు పడి ఆడనివి ఉంటాయి, అవైతే తీసుకో. పేరేం?"

"హనుమక్క."

"పేరడిగితే అక్కంటావేం? నాకంటే చిన్నదానివే గదా."

"అక్క అని నేనంటాండానా? మా అవ్వ పేరు పెట్టినారు. పేరులోనే అక్కుండాది, నేనేం చేయల్ల? కొరికి తీసేయల్లా?"

"సరే సరే... హను... సరేలే." తిప్పేష్‌కు నోరు తిరగలేదు. వయసులో చిన్నదాన్ని పట్టుకోని అక్కా అని ఎట్ల పిలిచేది?

గీతలు పడినవి కొన్ని తీసి సంచిలో వేసినాడు. హనుమక్క సంచిలోకి తొంగి చూసింది. "ఇంతేనా? తోటకు ఒక మూలకు గూడా సాలవే."

"మిగతావి ఏరాల. ఏది ఆడతాది, ఏది ఆడదు అని ఒక్కొక్కటీ పెట్టి చూడాల. వచ్చే సంతకు రా."

పచ్చి అబద్ధం. ఆడని సీడీల డబ్బా కౌంటరు కిందే ఉంది, నిండుగా. కాలితో లోపలికి తోసి మరీ చెప్పినాడు ఆ మాట. ఎందుకు చెప్పినాడో ఆ పొద్దు అతనికే తెలీదు.

* * *

తిప్పేష్‌కు కూడు పెట్టేది సీడీలు కాదు. సౌండు బాక్సులు. పెండ్లిండ్లకు, తిరునాళ్లకు బాడుగకిస్తాడు. ఊరంతా చిందులేసేది అతను పెట్టే పాటలకే. అతను మాత్రం బాక్సుల వెనక, వైర్ల మధ్య, ఒక కుర్చీలో కూర్చోనుంటాడు. అందరూ తిని చెయ్యి కడుక్కున్నాక ఎవరో ఒకరు గుర్తు చేసుకోని, "సౌండాయప్ప తిన్నాడా?" అంటారు. అప్పుడు తింటాడు.

ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు. అమ్మ ముందే పోయింది. నాయన పోయి మూడేండ్లు. అంగడి వెనకే ఇల్లు. సాయంత్రమైతే ఏదో ఒక సినిమా డీవీడీ వేసి వంటింట్లోకి పోతాడు. సినిమా చూడడు. ముందరింట్లో మనుషుల గొంతులు వినపడాల, అంతే. వాళ్లు పోట్లాడుకుంటాంటారు, నవ్వుకుంటాంటారు, ఇతను ఉల్లిగడ్డ తరుగుతాంటాడు. సినిమా అయిపోతే ఇంట్లో పడే నిశ్శబ్దం ఉంది చూడండి, దానికి భయపడి ఇంగొకటి వేస్తాడు. పగవాడికి గూడా వద్దు ఆ బతుకు.

పక్కనే సెల్లు అంగడి పెట్టుకున్న నరేంద్ర చెప్పి చెప్పి అలిసిపోయినాడు. "రేయ్ తిప్పిగా, అన్నీ పాత సామాన్లోనికి వేసెయ్‌రా. నీ దగ్గర ఉండే పాటలన్నీ ఒక గోరంత కార్డులో ఎక్కిచ్చి నీ చేతిలో పెడతా."

"గోరంత కార్డును తుడిస్తే ఎంతసేపు తుడుస్తార్రా?" అంటాడు తిప్పేష్.

నరేంద్రకు అర్థమయ్యేది కాదు. అర్థమైతే ఏడ్చేవాడు.

* * *

మరుసటి సంతకు హనుమక్క వచ్చింది. సంచితో పాటు నాలుగు దానిమ్మకాయలు తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"పని చేసినాయన్నా నీ సీడీలు! చిలకలు ఒక్కటి రాలే. మా నాయన అయితే మురిసిపోతాండాడు. ఇంగొక సంగతి తెలుసా? వజ్రకరూరు దోవలో పొయ్యే వాళ్లెవరో ఆ మెరుపులు చూసి బండి ఆపి తోటలోకి దిగినారు. వజ్రాలనుకున్నారంట!"

"నిజంగానా?"

"నిజంగా. వాన పడకుండానే వజ్రాలు ఎట్ల బయటికొస్తాయప్పా అని మా నాయన తిట్టి పంపిచ్చినాడు."

ఇద్దరూ నవ్వినారు. తిప్పేష్ ఒక పాట వేసినాడు. హనుమక్క వెంటనే పోలేదు. స్టూలు మీద కూర్చొని పాట అయ్యేంతవరకూ వినింది.

ఆ తర్వాత సంతకు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కూడా. వచ్చిన ప్రతిసారీ సంచిలో కొన్ని సీడీలు, కొన్ని కొట్లాటలు.

"దుడ్లు పెట్టి కొని ఇంట్లో పెట్టుకుంటే అది నీది. నీ ఫోన్లోది నీది కాదు. పొద్దున ఉంటాది, సాయంత్రానికి వాళ్లు పీకేస్తే నువ్వేం చేస్తావు?" ఇది తిప్పేష్.

"నీదాని మీద గీత పడితే నువ్వేం చేస్తావు?" ఇది హనుమక్క.

"గీత పడినా నాదే."

"అయ్యో! నీతో మాట్లాడేది గోడతో మాట్లాడేది ఒకటే," అని నవ్వేది. నవ్వి, ఆ పెట్టె ఈ పెట్టె తెరిచి, అట్టల మీద బొమ్మలు చూసేది. పాట పేర్లన్నీ పైకి చదివేది.

ఒక సంత రోజు అట్లే బొమ్మలు చూస్తా చూస్తా చేతిలోని పెట్టె మూసి పక్కన పెట్టింది.

"తోటకు రాకముందు బెంగళూరులో గార్మెంట్సులో చేస్తాంటి," అనింది. "రూము నిండా ఆడోళ్లం. రాత్రి పక్కపక్కనే పండుకోని, ఎవరి చెవుల్లో వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకోని, ఎవరి పాట వాళ్లు వింటాంటిమి. పక్కన పండుకున్నది ఏడుస్తాన్నా తెలిసేది కాదు. నేను ఏడ్చింది గూడా ఎవరికీ తెలీదు."

తిప్పేష్ లేచి ఒక పాట పెట్టినాడు.

"ఈడైతే పాట పెడితే ఇద్దరికీ వినపడతాది," అనింది ఆమె. "అదొకటి బాగుండాదప్పా నీ అంగట్లో."

ఆ మాటకు ఏదో ఒకటి చెప్పాల్సింది. మన తిప్పేష్ ఏం చెప్పినాడు? "ఫ్యాను రవ్వంత తిప్పుదునా?" అన్నాడు. ఇట్లాంటోనికి పిల్ల ఎట్ల దొరుకుతాది?

ఆమె లేచి బస్సుకు పోతాంటే, వెనక నుంచి పిలుద్దామనుకున్నాడు. ఏమని? 'హనుమక్కా' అంటే అక్క అయిపోతాది. ఉట్టి 'హనుమా' అంటే గుడిలో దేవుణ్ణి పిలిచినట్టుంటాది. నోరు తెరిచి, మూసుకోని, బస్సు కదిలేంతవరకూ వాకిట్లోనే నిలబడినాడు.

"ఫోన్ నంబరన్నా తీసుకున్నావా?" పక్కంగడి నుంచి నరేంద్ర అరిచినాడు.

"అడిగితే ఏమనుకుంటాదో అని..."

"సెల్లు అంగడి పక్కన పుట్టి పెరిగి నంబరడగడం రాదు! నువ్వు అన్నా, ఆ యమ్మి అక్క. మీ ఇద్దరికీ రాఖీ కొనిపెడతా ఉండు."

ఎగతాళే. కానీ ఆ పూట తిప్పేష్‌కు అన్నం దిగలేదు. ఆమెకు నేను అన్ననే అనుకున్నాడు. ఎన్నిసార్లు అనుకున్నాడో అన్నిసార్లూ ఆ మాట గుచ్చుకుంది.

* * *

వచ్చిన చిక్కేందంటే, గీతలు పడిన సీడీలు అయిపోయినాయి.

డబ్బా తిరగేసి దులిపినాడు. దుమ్ము రాలింది. రేపు సంత. ఆమె వచ్చి సంచి తెరిస్తే ఏమెయ్యాల? అయిపోయినాయని చెప్తే, "సరేలే" అని పోతాది. ఇంగెందుకొస్తాది? ఆడని సీడీల కోసం వచ్చే మనిషి, అవి లేకుంటే ఎందుకొస్తాది?

తిప్పేష్ చానాసేపు బీరువాల ముందర నిలబడినాడు. తర్వాత ఒక మంచి డీవీడీ బయటికి తీసినాడు. మేకు తీసుకున్నాడు. నడిమి బొక్క నుంచి అంచు దాకా ఒక గీత గీసినాడు.

మొదటిది గీసి, నాయన చూస్తాన్నాడేమోనని వెనక్కి గూడా తిరిగినాడు. రెండోదానికి తిరగలేదు. సినిమా సీడీ చిలకలకు ఇయ్యనని ఎగిరెగిరి పడిన మనిషేనా ఇతను! ప్రతి సంతకు ముందు మజ్జాన్నం తలుపు దగ్గరికేసుకోని కూర్చోని, మంచి సీడీలను చెడగొట్టే పనిలో పడినాడు.

ఆమె వచ్చేది, సంచి నింపుకునేది, కూర్చొని ఒక పాట వినేది, పొయ్యేది. ఆ కాసేపటి కోసం తిప్పేష్ నాయన బీరువా మొత్తం గీకేయడానికైనా సిద్ధమే.

ఒకసారి పోతా పోతా వాకిలి కాడ ఆగింది. "వచ్చే నెల కోత. కాయ తెగినాక నేను బెంగళూరు పోతాండా. సూపర్వైజరు ఫోన్ చేస్తానే ఉండాడు."

"ఓ," అన్నాడు తిప్పేష్.

"ఓ అంటే?"

"మంచిదే గదా. పని దొరకడం."

ఆమె సంచి భుజానికెత్తుకుంది. "ఔ. మంచిదే," అని బస్సెక్కేసింది.

* * *

ఆ మరుసటి వారం హనుమక్క సంత దాకా ఆగలేదు. ముందు రోజే, మజ్జాన్నం బస్సుకే దిగింది. దగ్గరికేసిన తలుపు తోసింది.

తిప్పేష్ కింద కూర్చోనున్నాడు. ఒళ్లో అద్దం మాదిరి మెరిసే కొత్త డీవీడీ. చేతిలో మేకు.

"ఏం చేస్తాండావు?"

దొంగతనం చేసి దొరికినోడు గూడా ఏదో ఒకటి చెప్తాడు. ఇతను మేకును వెనక దాచుకున్నాడు.

"మంచివాటి మీద నువ్వే గీతలు గీస్తాండావా? ఇన్ని రోజులూ నాకిచ్చినవి..." ఆమె సంచిలో నుంచి ఒక సీడీ తీసింది. బొమ్మ లేదు, కంపెనీ పేరు లేదు. పైన స్కెచ్ పెన్నుతో 'తిరునాళ్ల చెక్కభజన' అని రాసుంది. తిప్పేష్ నాయన చేతిరాత. "ఇది గూడా నువ్వే గీసినావా?"

తిప్పేష్ తలూపినాడు. అది ఎప్పుడు చేతికొచ్చిందో అతనికి గుర్తే లేదు. అడుగు అరలో చెయ్యి పెట్టి అందినవి తీసినాడు, అంతే.

"దీంట్లో ఏముండాదో తెలుసా నీకు?"

"చెక్కభజన."

"మా నాయన గొంతుండాది!" ఆమె కండ్లలో నీళ్లు తిరిగినాయి. "నిన్న మా నాయన ఈ రాత చూసి, ఇది మా జట్టుదే, ఆ యేడు మైకుసెట్టాయన రికార్డు పట్టినాడు అని ఎంత సంబరపడినాడనుకున్నావు! చిన్నప్పుడెప్పుడో వినిన పాట. ఫోనంతా ఎతికినా. యాడా లేదు. ఉండేది ఇదొక్కటే. గీత పడితే ఆడదని నువ్వే గదా చెప్పినావు? కొంటే నాది, నాది అని అంతంత మాటలు చెప్పి... ఎందుకు చేసినావప్పా ఈ పని?"

నీ కోసం అని చెప్పాల. ఒకే ఒక్క మాట. గొంతు దాకా వచ్చింది, దాటి రాలేదు.

"ఇంగ రాను నీ అంగడికి," అనేసి వెళ్లిపోయింది.

* * *

అన్నంత పనీ చేసింది. సంత వచ్చింది, ఆమె రాలేదు. ఇంగొక సంత వచ్చింది. వజ్రకరూరు వైపు నుంచి వచ్చే బస్సు ఆగినప్పుడల్లా తిప్పేష్ వాకిట్లోకి వచ్చేవాడు. దిగే వాళ్లందరూ దిగినాక, కండక్టరు తలుపు వేసినాక, లోపలికి పొయ్యేవాడు.

సినిమా వేయడం మానేసినాడు. ఇంట్లో మనుషుల గొంతులు వినపడితే ఇప్పుడు ఇంకా కష్టంగా ఉంది. ఇంతకు ముందు ఒంటితనం అంటే ఎవరూ లేకపోవడం. ఇప్పుడు ఒక మనిషి లేకపోవడం. అది వేరే రకం నొప్పి, అతనికి కొత్త.

"దానిమ్మకాయల లారీలు తిరగతాండాయిరా ఆ పక్క," అన్నాడు నరేంద్ర ఒక పొద్దు. ఎగతాళి చేయలేదు ఈసారి. "కోతలు మొదలైనట్టుంది."

తిప్పేష్ లేచి అంగడి మూసినాడు. చిన్న తెర ఉండే బ్యాటరీ డీవీడీ ప్లేయరొకటి ఉండింది, అది తీసి టీవీఎస్ బండి ముందర పెట్టుకున్నాడు. పక్కన ఒక సంచి సీడీలు. పోవడానికి ఏదో ఒక సాకు ఉండాల గదా!

దోవ పొడుగునా ఒకటే ఆలోచన. ఆమెకేం చెప్పాలన్నది సరే, ముందు వాళ్ల నాయన ఎదురైతే ఏమని పిలవాల? పెదనాయనా అంటే ఆమె చెల్లెలైపోతాది. అన్నా అంటే కూతురే అయిపోతాది. ఏ పక్క నుంచి పోయినా వాత పెట్టేదే. ఏమీ పిలవకుండా మాట్లాడాలని తీర్మానం చేసుకున్నాడు.

తోట కనుక్కోవడం కష్టం కాలేదు. రోడ్డుకు ఎడం పక్క చెట్ల మధ్యన అక్కడక్కడ తళుక్కుమంటా ఉండాయి సీడీలు. అయితే చానా కొన్నే. మిగతావన్నీ ఏమైనాయి? దగ్గరికి పోయి చూసి బిత్తరపోయినాడు. ఒక సీడీ కట్టిన తాడు మీదనే చిలక కూర్చొని, తీరిగ్గా కాయ కొరుకుతాంది.

"ఎవరప్పా?" గుడిసె నీడలో నుంచి ఒక పెద్దాయన లేచినాడు. హనుమక్క నాయన, పుల్లన్న.

"బెళుగుప్ప నుంచి... సీడీల అంగడి..."

"ఓహో, నువ్వేనా! రా రా, కూసో. మళ్లా సీడీలు తెచ్చినావా?" పుల్లన్న తల పట్టుకున్నాడు. "ఏం చేసుకోవాలప్పా వాటిని? చిలకలు మొదటి వారమే బెదిరినాయి. తర్వాత అలవాటు పడినాయి. ఇప్పుడు వాటి మీదనే ఊగతాండాయి, సూడు. వద్దులే పాపా అని చెప్తే యింటేనా? సంతొస్తే సాలు, సీడీలు తేవల్ల అని బస్సెక్కేది. తెచ్చి ఒకటి గూడా కట్టేది కాదు. అదో, అన్నీ లోపలే పెట్టింది."

గుడిసె లోపల ఒక మూల, గుడ్డ పరిచి, దాని మీద వరసగా నిలబెట్టి ఉన్నాయి సీడీలు. ఒక్కదాని మీద దుమ్ము లేదు.

తిప్పేష్ నులక మంచం మీద కూలబడినాడు.

"నాయనా, బోరు..." అంటా వచ్చిన హనుమక్క అతన్ని చూసి ఆగిపోయింది. చేతుల నిండా బురద. "ఎందుకొచ్చినావు?"

"ఆ సీడీ ఇయ్యి. చెక్కభజనది."

"గీసింది సాలలేదా?"

"ఒకసారి ఇయ్యి. నేను గీసింది నడిమి బొక్క నుంచి అంచుకు నిలువుగా. అట్ల గీస్తే ప్లేయరు దాటుకోని పోతాది. చుట్టూతా గీస్తేనే చచ్చిపోతాది. అన్నీ అట్లనే గీసినా. ఏదీ చంపలేదు. ఆ పొద్దు చెప్పాలనుకున్నా... నోరు రాలే."

హనుమక్క నమ్మీ నమ్మనట్టు చూసింది. చేతులు కడుక్కోని లోపలికి పోయి సీడీ తెచ్చి ఇచ్చింది. తిప్పేష్ ప్లేయరులో పెట్టినాడు. గరగరా తిరిగింది. ముగ్గురూ ప్లేయరు మీదికి వంగినారు.

ముందు చెక్కల చప్పుడు వచ్చింది. తర్వాత గజ్జెలు. తర్వాత, ఇప్పటికంటే చానా లేతగా, గట్టిగా, పుల్లన్న గొంతు.

"మోడమొచ్చె మోడమొచ్చె, మొగము చూపి పాయెరా..."

పుల్లన్న నోరు తెరుచుకోని కూర్చున్నాడు. "నేనే! ఏమే హనుమీ, అది నేనేనే!"

పాట సగానికొచ్చింది. అక్కడ తట్టింది. "మొగము చూపి... మొగము చూపి... మొగము చూపి..." మేకు లోతుగా దిగిన చోట. తిప్పేష్ మొగం నల్లబడిపోయింది. ప్లేయరు తట్టబోయినాడు.

అంతలో పుల్లన్న అందుకున్నాడు. ఇప్పటి గొంతు, వణికే గొంతు. "మొగము చూపి పాయెనని మొగము చిన్న చేయకు, పోయినట్టె పోయి మళ్ల పొలము జేరి వచ్చురా!" ఒక చరణమంతా పాడి చప్పట్లు కొట్టినాడు. సీడీ గూడా గీత దాటుకోని ముందుకు పోయింది. ఆ గొంతూ ఈ గొంతూ కలిసి పాట ముగించినాయి.

హనుమక్క చున్నీతో కండ్లు తుడుచుకుంది. ఏడుస్తాందో నవ్వుతాందో తెలీలేదు.

"బాగుండాదప్పా," అన్నాడు పుల్లన్న, గొంతు సవరించుకోని. "ఈ పాట ఇంగొకసారి వినల్లంటే మీ అంగడి దాకా రావల్లనా?"

"నువ్వెందుకు వచ్చేది మామా, నేనే తెస్తా."

మాట నోరు దాటిపోయింది. దోవంతా కాపాడుకుంటా వచ్చిన మాట! పుల్లన్న కండ్లు చిన్నవి చేసుకోని చూసినాడు.

"ఏమంటివి?"

నోరు జారిందంటే సరిపోయేది. పెద్దాయన నవ్వి ఊరుకునేవాడు. తిప్పేష్ బండెక్కి, అంగడికి పోయి, బీరువాలు తుడుచుకుంటా ఉండేవాడు. ఆ సాయంత్రాలన్నీ ఒక్కసారి కండ్ల ముందర తిరిగినాయి.

"మామా అంటి," అన్నాడు. "ఆ మాటే అంటి. మంచి సీడీలు గీసింది, ఆడనివి అయిపోతే ఈ మనిషి రాదేమోనని. బెంగళూరు పోతే నేను బతకలేనని కాదు మామా. బతుకుతా, ఇన్నాళ్లూ బతికినట్టే. అట్ల బతకాలని లేదు."

పుల్లన్న కూతురి వైపు తిరిగినాడు.

"ఏమే, ఈయన మామ అంటాండాడు. నువ్వేమో అన్నా అని గదా పిలిచేది?"

"నేను అన్నా అనక శానా నాళ్లయింది నాయనా," అనింది హనుమక్క నేల చూపులు చూస్తా. "ఈయప్పకే తెలీలేదు."

తిప్పేష్ మనసులోనే వెనక్కి పోయి చూసుకున్నాడు. నిజమే! బాగుండాదప్పా అనింది. ఎందుకు చేసినావప్పా అనింది. ఎన్ని సంతలు! మొదటి రెండు సార్లు తప్ప మళ్లా ఒక్కసారన్నా అన్నా అనలేదు. పాటలో చిన్న గరగర వచ్చినా పట్టేసే చెవులు ఈ ఒక్క మాటను వినలేకపోయినాయి.

"మరి బెంగళూరుకు?" అన్నాడు పుల్లన్న.

"పోను."

పుల్లన్న తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. తిప్పేష్‌ను పై నుంచి కిందికి ఒకసారి చూసినాడు. బండిని చూసినాడు. ప్లేయరును చూసినాడు.

"హనుమీ, పొద్దెక్కింది. అల్లునికి సంగటి పెట్టు."